లేబర్ రూమ్‌లో చెల్లే మాట ఎవరిది?

తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 96 పైచిలుకు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన లెక్క ఇది. మంత్రి ఎవరైనా, పార్టీ ఏదైనా, ఆరోగ్యశాఖ గురించి మాట్లాడాల్సి వస్తే ముందు చదివేది ఈ అంకెనే. చదువుకోనివ్వండి, తప్పేం లేదు. 2004-06 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష మంది బిడ్డలు పుడితే 154 మంది తల్లులు చనిపోయేవాళ్లు. 2018-20 నాటికి అది తెలంగాణలో 43కి, ఆంధ్రలో 45కి దిగింది. 2005లో మొదలైన 108 బండి, అదే ఏడు వచ్చిన, ఆసుపత్రి కాన్పుకి డబ్బిచ్చే జననీ సురక్ష పథకం, ఊరూరా తిరిగే ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం నర్సు, అందరూ కలిసి లాక్కొచ్చిన ఫలితం అది. దీన్ని ఎవరైనా చులకన చేస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఆ చాకిరీలో పెద్ద వాటా మా నర్సింగ్ వాళ్లది.

నా గొడవ అదే సర్వేలో ఉన్న ఇంకో అంకెతో. తెలంగాణలో జరిగే కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ఆంధ్రలో 42.4. దేశం మొత్తం మీద 21.5. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్ని విడిగా చూస్తే 81.5, అంటే అయిదుగురు నొప్పులతో వెళ్తే నలుగురు కుట్లతో ఇంటికి వస్తున్నారు. నొప్పులు రాకముందే వెళ్లేవాళ్లు కూడా బోలెడుమంది. జనాభా మొత్తం మీద సిజేరియన్లు పది శాతం దాటాక తల్లీబిడ్డల చావులు ఇంకా తగ్గుతాయనడానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. మరి మిగతా యాభై శాతం కోతలు ఎవరి కోసం?

నేను జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేసి కొన్నేళ్లు ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లో పనిచేశాను. ఆ తర్వాత ప్రభుత్వ ఆసుపత్రి లేబర్ రూమ్‌కి వచ్చాను. ఊళ్ల పేర్లు రాయను. రెండు చోట్లా చూశాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది: మన దగ్గర వైద్యంలో ఏ మార్పు తెచ్చినా, ఆడవాళ్లు ఎక్కడికి రావాలి, బిల్లు ఎవరు కట్టాలి అన్న రెండు సంగతులే చూశారు. వచ్చినామె మంచం పక్కన గంటల తరబడి నిలబడే మనిషికి ఏం చేసే హక్కు ఉంది అన్నది ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకున్న ఒకటి రెండు చోట్ల మటుకు తేడా కళ్లకు కట్టినట్టు కనిపించింది.

సిజేరియన్ల మాట ఎత్తగానే అందరూ ముహూర్తాల మీద పడతారు. నిజమే, పంతులుగారు రాసిచ్చిన చీటీ పట్టుకుని "మేడమ్, పొద్దున ఎనిమిదీ పదికల్లా బిడ్డ బయటికి రావాలె" అనే మామగార్లను నేనూ చూశాను. కానీ మామగారు అడగ్గానే థియేటర్ తలుపు ఎందుకు తెరుచుకుంటోంది? అపెండిక్స్ ఆపరేషన్‌కి ముహూర్తం అడిగితే డాక్టరు నవ్వి పంపేస్తుంది. కాన్పుకి అడిగితే డైరీ తీస్తుంది. అడిగేవాళ్లకీ ఒప్పుకునేవాళ్లకీ ఇద్దరికీ వీలుగా ఉంది కాబట్టే అది నడుస్తోంది.

ఆ వీలు ఏంటో నర్సింగ్‌హోమ్‌లో రెండు నెలలు పనిచేస్తే తెలిసిపోతుంది. మామూలుగా అక్కడ ఉండేది ఒకే గైనిక్ మేడమ్. పొద్దున ఓపీ, మధ్యాహ్నం ఆపరేషన్లు, సాయంత్రం అయిదు నుంచి మళ్లీ ఓపీ, ఇంట్లో పిల్లల హోంవర్క్. తొలిచూలు కాన్పు పన్నెండు గంటలు పట్టొచ్చు, పద్దెనిమిది పట్టొచ్చు. అన్ని గంటలు మేడమ్ పక్కన కూర్చోలేదు. కూర్చోవాల్సిన పని కూడా లేదు, బిడ్డ గుండె చప్పుడు వింటూ, నొప్పులు ఎట్లా సాగుతున్నాయో చూస్తూ, తేడా వస్తే పట్టుకోగల శిక్షణ ఉన్న మనిషి ఒకరుంటే చాలు. మన నర్సింగ్‌హోముల్లో ఆ కుర్చీలో ఉండేది ఎవరు? చాలా చోట్ల పంతొమ్మిదేళ్ల అమ్మాయి. రిజిస్ట్రేషన్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. జీతం నెలకి ఇంత అని బయటికి చెప్పుకోలేనంత. ఆ పిల్ల ఫోన్ చేసి, గర్భాశయ ద్వారం ఎంత తెరుచుకుందో చెబుతూ, "మేడమ్, నాలుగు సెంటీమీటర్ల మీదనే ఉంది" అంటుంది. అంతవరకే ఆమె పని. అవతల మేడమ్‌కి ఈ పిల్ల చెప్పిన నాలుగు నిజంగా నాలుగో కాదో నమ్మకం ఉండదు. గుండె చప్పుడు సరిగ్గా విందో లేదో తెలియదు. బిడ్డకి ఏమన్నా అయితే బంధువులు అద్దాలు పగలగొడతారు, కేసు పెడతారు. అప్పుడు మేడమ్ ఏం చేస్తుంది? "థియేటర్ రెడీ చెయ్" అంటుంది. డాక్టర్లంతా డబ్బు కోసమే కోస్తారని నేను అనను. కొందరు కోస్తారు. ఎక్కువమంది భయంతో కోస్తారు. కాపలా కాసే నమ్మకమైన మనిషి లేని చోట భయం వేయడం సహజమే.

ఇంక ప్రభుత్వ ఆసుపత్రి సంగతి. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ వచ్చింది. సర్కారు దవాఖానలో కాన్పయితే మగబిడ్డకి 12,000, ఆడబిడ్డకి 13,000 రూపాయలు విడతలవారీగా ఇచ్చారు, పైన దోమతెర, సబ్బులు, బట్టలున్న పెట్టె. జనం నిజంగానే కదిలారు. 2015-16 సర్వేలో తెలంగాణ కాన్పుల్లో ప్రభుత్వ ఆసుపత్రుల వాటా ముప్పై శాతం చిల్లర. తర్వాతి సర్వేకి అది యాభై దగ్గరికి వచ్చింది. పథకంగా చూస్తే ఇంతకన్నా గెలుపు ఏముంటుంది! కూలి పోగొట్టుకున్న ఇంటికి విడతలుగా చేతికొచ్చే డబ్బు చిన్న విషయం కాదు, నర్సింగ్‌హోమ్ బిల్లు కోసం పుస్తెలతాడు కుదవ పెట్టే అగత్యం తప్పింది.

కిట్లు అనుకున్న లెక్కకి వచ్చాయి. మేం రాలేదు.

రాత్రి డ్యూటీలో మా లేబర్ రూమ్ ఎట్లా ఉండేదో చెబుతాను. బల్లలన్నీ నిండి, ఇంకో ఇద్దరు వరండాలో తిరుగుతూ ఉంటారు. డ్యూటీలో సిస్టర్లం ఇద్దరం, ఒక ఆయమ్మ. ఒకామెకి బిడ్డ తల కనిపిస్తోంది, ఇంకొకామెకి కాన్పయి రక్తం ఆగట్లేదు, మూలన ఉన్న తొలిచూలు పిల్ల నా కొంగు పట్టుకుని "సిస్టరమ్మా, నాతోని అయితలేదు, కోసెయ్యమని చెప్పుండ్రి" అని ఏడుస్తోంది. ఆ పిల్లకి ఆ నిమిషాన కావాల్సింది కత్తి కాదని నాకు తెలుసు. నడుము రాసే చెయ్యి కావాలి, రెండు గుక్కల నీళ్లు కావాలి, లేచి నాలుగడుగులు నడవనివ్వాలి, పక్కకి తిరిగి పడుకోనివ్వాలి, "బాగానే సాగుతోందమ్మా, బిడ్డ బాగుంది" అని పావుగంటకోసారి ఎవరో ఒకరు చెప్పాలి. నేను ఆమె చెయ్యి విడిపించుకుని రక్తం పోతున్న బల్ల దగ్గరికి పరిగెత్తాలి. ఆమె తల్లి బయట గేటు దగ్గర కూర్చుని ఉంటుంది, లోపలికి రానివ్వరు. కాన్పు సమయంలో తోడుగా ఇంటి ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది. చెప్పింది కాగితం మీద ఉంది, తెర లేని గదిలో ఎనిమిది మంది ఆడవాళ్లు పడుకున్న చోట తోడు ఎక్కడ నిలబడాలో కాగితంలో లేదు.

పార్టోగ్రాఫ్ అని ఒక చార్టు ఉంటుంది. గర్భాశయ ద్వారం ఎంత తెరుచుకుంది, బిడ్డ గుండె ఎంత కొట్టుకుంటోంది, నొప్పులు పది నిమిషాలకి ఎన్ని వస్తున్నాయి, వేళ తప్పకుండా గుర్తులు పెట్టుకుంటూ పోతే గీత ఒక హద్దు దాటినప్పుడు ప్రమాదం ముందే తెలుస్తుంది. నర్సు చేతిలో ఉన్న ఆయుధాల్లో ఇంతకన్నా పదునైంది లేదు. చాలా ఆసుపత్రుల్లో దాన్ని ఎప్పుడు నింపుతారో తెలుసా? కాన్పయ్యాక, తెల్లారుజామున, డ్యూటీ అప్పగించే ముందు కూర్చుని, నాలుగు కేస్ షీట్లు ముందేసుకుని ఒకే పెన్నుతో. గీతలన్నీ చక్కగా, ఒకే వాలులో వస్తాయి. తనిఖీకి వచ్చినాయన "గుడ్" అని సంతకం పెట్టి వెళ్తాడు. ఆ గీత హద్దు దాటితే ఆమె ఏం చేయగలదు అన్న ప్రశ్న ఎవరూ అడగలేదు కాబట్టి ఆ చార్టు కూడా ఇంకో రిజిస్టరు అయిపోయింది.

ఈ కథ ఇంకోలా ఉండొచ్చని మొదట చూపించింది కరీంనగర్. 2017లో తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ కలిసి 30 మంది స్టాఫ్ నర్సులకి మిడ్‌వైఫరీలో, అంటే కాన్పు చేసే పనిలో, 18 నెలల శిక్షణ మొదలుపెట్టారు. మరుసటేడు కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. వీళ్లని నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అంటారు. తేడా ఏంటంటే, ప్రమాదం లేని కాన్పుని మొదటి నుంచి చివరిదాకా తానే నడిపించే బాధ్యత ఈమెది. తేడా కనిపిస్తే డాక్టర్ని పిలుస్తుంది, లేకపోతే పిలవాల్సిన పని లేదు.

నా బ్యాచ్‌మేట్ ఒకతె ఆ శిక్షణకి వెళ్లొచ్చింది. ఆమె పనిచేసే చోటికి ఒకసారి వెళ్లి చూశాను. కింద చాప, గోడకి ఆనించిన పెద్ద బంతి, పట్టుకుని వేలాడ్డానికి గుడ్డ, మంచం ఉంది గానీ దాని మీద ఎవరూ లేరు. ఇరవై ఏళ్ల పిల్ల మోకాళ్ల మీద కూర్చుని బంతి మీదికి వాలి ఊగుతోంది, వాళ్లమ్మ వెనక నుంచి నడుము నొక్కుతోంది. నా బ్యాచ్‌మేట్ నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుని, బిడ్డ గుండె చప్పుడు వినిపించే డాప్లర్ పెట్టి విని, వాచీ చూసి, చార్టులో చుక్క పెట్టింది. అదే పార్టోగ్రాఫ్. నొప్పులు పెంచే సెలైన్ లేదు, కింద కోత లేదు, అరుపులు ఉన్నాయి గానీ ఆ అరుపులకి ఎదురు అరిచేవాళ్లు లేరు. ఈ చివరి సంగతి మీద కాస్త ఆగాలి.

మన ఆడవాళ్లు సిజేరియన్ కావాలని అడగడానికి నొప్పి ఒక్కటే కారణం కాదు. లేబర్ రూమ్‌లో మా నోళ్లకి భయపడి కూడా అడుగుతారు. "అప్పుడు సుఖంగా ఉండిందా, ఇప్పుడు ఏడుస్తున్నావా" అన్న మాట వినని తల్లి సర్కారు దవాఖానలో అరుదు. తొడ మీద చరచడం, కాళ్లు ఒత్తిపట్టడం, మత్తు లేకుండా కుట్లు వేయడం, అన్నీ ఉన్నాయి. పని ఒత్తిడి అని మా సంఘాల వాళ్లు అంటారు. ఒత్తిడి ఉంది, కాదనను, కానీ ఒత్తిడిలో ఉన్న నర్సు సర్జన్ మీద అరవదు కదా. డాక్టరు మీద చెల్లని మాట, సూపరింటెండెంట్ మీద చెల్లని మాట, బల్ల మీద పడుకున్న పేదింటి పిల్ల మీద చెల్లుతుంది. మాకున్న అధికారం అంతా అక్కడే ఖర్చవుతోంది. అసలు పనిలో అధికారం, దానితోపాటు జవాబుదారీ ఇచ్చి చూడండి, ఈ కేకలు సగం తగ్గుతాయి. మిడ్‌వైఫ్ గదిలో తగ్గడం నేను చూశాను. నర్సులు స్వతహాగా దేవతలని నేను నమ్మను, రాక్షసులనీ నమ్మను.

మరి అంత బాగుంటే కరీంనగర్‌లో సిజేరియన్లు తగ్గాయా? తర్వాతి సర్వేలో ఆ జిల్లా అంకె 80 శాతం దాటింది. ఈ మాట పట్టుకుని మిడ్‌వైఫరీ దండగ అనేవాళ్లున్నారు. ముప్పై మంది నర్సులు, అదీ సర్కారు ఆసుపత్రుల్లో, అదీ అప్పుడప్పుడే శిక్షణ పూర్తి చేసుకున్నవాళ్లు, వీధి వీధికీ నర్సింగ్‌హోమ్ ఉన్న జిల్లా లెక్కని రెండేళ్లలో మార్చేస్తారా? ప్రైవేటు లేబర్ రూమ్‌లోకి ఈ సంస్కరణ అడుగే పెట్టలేదు. అక్కడ మిడ్‌వైఫ్ ఉండాలని ఏ చట్టమూ అడగదు. శిక్షణ పొందినవాళ్ల విషయంలోనూ, నా బ్యాచ్‌మేట్ సర్వీసు పుస్తకంలో ఇప్పటికీ ఉన్నది స్టాఫ్ నర్సు అనే. ప్రత్యేకంగా పోస్టు లేకపోతే, బదిలీల కాలం వచ్చినప్పుడు 18 నెలల శిక్షణ పొందిన మనిషిని తీసుకెళ్లి కంటి వార్డులో వేసినా అడిగే దిక్కుండదు.

పైనుంచి ఒత్తిడి మాత్రం వచ్చింది. సిజేరియన్ల ఆడిట్లు పెట్టారు. 2022లో సర్కారు ఆసుపత్రుల్లో మామూలు కాన్పుకి సిబ్బంది బృందానికి 3,000 రూపాయల ప్రోత్సాహకం అన్నారు. మంచి ఉద్దేశమే. అయినా నాకు ఇది నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. కోతకి డబ్బున్నట్టే కోయనందుకూ డబ్బు పెడితే మధ్యలో నలిగేది తల్లే. నిజంగా కోయాల్సిన కేసుని "ఇంకో గంట చూద్దాం" అని లాగే ప్రమాదం ఉంది. సిజేరియన్ అవసరమైనప్పుడు అది ప్రాణదాత, దాన్ని ఆలస్యం చేసినందుకు మెదడు దెబ్బతిన్న బిడ్డల్ని చూసినవాళ్లెవరూ దాన్ని శత్రువుగా చూడరు. శాతం తగ్గించమని మా మెడ మీద కూర్చోవడం కన్నా ఒక తల్లికి ఒక నర్సుని పెట్టండి, శాతం దానంతటదే దిగుతుంది.

కాన్పు నుంచి కాస్త పక్కకి వస్తాను. ఆపరేషన్‌కి డబ్బు కట్టే పథకం ఆడవాళ్ల ఒంటి మీద ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే గర్భసంచుల కథ చూడాలి.

2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. గుండె ఆపరేషన్ చేయించుకోలేక చనిపోయే పేదవాళ్లు కార్పొరేట్ ఆసుపత్రి మెట్లెక్కారు, ఈ ఒక్క కారణానికే ఆ పథకానికి దండం పెట్టొచ్చు. కానీ అది ప్రధానంగా పడకెక్కి కోయించుకుంటే డబ్బు కట్టే పథకం. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని, నెలసరి ఎక్కువవుతోందని వచ్చిన ముప్పై రెండేళ్ల కూలి మనిషికి మాత్రలూ పరీక్షలూ సలహా ఇస్తే ఆసుపత్రికి ఏమీ దక్కేది కాదు. "గర్భసంచికి పుండు ఉంది, క్యాన్సర్ అవుతుంది" అంటే పథకం నుంచి ప్యాకేజీ డబ్బు దక్కేది. ఇన్సూరెన్స్ రాకముందు నుంచే మన దగ్గర ఈ జాడ్యం ఉంది, పథకం దానికి దారి వెడల్పు చేసింది. ఆరోపణలు పెరిగాక ప్రభుత్వం ఆ ఆపరేషన్‌ని ప్రైవేటు నుంచి తీసేసి సర్కారు ఆసుపత్రులకి పరిమితం చేయాల్సి వచ్చింది. 2015-16 సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద వేసిన వ్యాజ్యంలో 2023లో సుప్రీంకోర్టు, కేంద్రం రాసిన మార్గదర్శకాలని రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో పాటించాలని ఆదేశించింది. ఆ కేసు బిహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌ల గురించి. మన రెండు రాష్ట్రాల అంకెలు చూస్తే ఆ జాబితాలో లేనందుకు సంబరపడాల్సింది ఏమీ లేదు.

తెల్లబట్ట అన్నది ఊళ్లో ఏఎన్‌ఎం దగ్గర ఆగిపోవాల్సిన సమస్య. చాలా మటుకు మందులతో తగ్గే ఇన్ఫెక్షన్. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ భయం ఉంటే వెనిగర్ లాంటి ఎసిటిక్ యాసిడ్ రాసి కంటితో చూసే పరీక్ష ఉంది, శిక్షణ ఇస్తే నర్సు అయిదు నిమిషాల్లో చేస్తుంది. ముప్పై దాటిన ప్రతి ఆడమనిషికీ చేయాలని 2016 నుంచీ ప్రభుత్వ ఆదేశాలున్నాయి. 2019-21 సర్వే నాటికి దేశంలో ముప్పై దాటిన ఆడవాళ్లలో ఒక్కసారైనా ఆ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు రెండు శాతం కూడా లేరు. అంటే క్యాన్సర్ ఉందో లేదో చూసేవాళ్లు లేరు గానీ, క్యాన్సర్ పేరు చెప్పి సంచి తీసేవాళ్లు మండలానికొకరు ఉన్నారు.

పిల్లలు పుట్టకుండా చూసుకోవడంలోనూ ఇదే వరస. ఆంధ్రలో పెళ్లయిన ఆడవాళ్లలో 69.6 శాతం, తెలంగాణలో 61.9 శాతం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మూడు నెలలకోసారి తీసుకునే అంతర ఇంజెక్షన్ 2017 నుంచి సర్కారులో ఉంది, లూప్ వేయడం శిక్షణ ఉన్న నర్సుకి కొట్టినపిండి. కానీ టార్గెట్ అని పైనుంచి అడిగేది ఆపరేషన్ గురించే. 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజు క్యాంపులో 34 మందికి ఆపరేషన్లు చేశారు, ఇన్ఫెక్షన్ సోకి నలుగురు తల్లులు చనిపోయారు. ఒక్కరోజులో 34 మంది కడుపుల్లోకి పరికరాలు వెళ్లొస్తుంటే, మధ్యలో వాటిని సరిగ్గా శుద్ధి చేసేంత సమయం లేదు, ఆపండి అని ఒక స్టాఫ్ నర్సు అనగలిగే పరిస్థితి మన ఆసుపత్రుల్లో ఉందా? నాకు తెలిసిన ఏ థియేటర్‌లోనూ లేదు.

ఆశ పెట్టుకోదగ్గ సంస్కరణ 2018లో ఒకటి వచ్చింది. ఆయుష్మాన్ భారత్‌లో ఇన్సూరెన్స్ కార్డు గురించే అందరికీ తెలుసు గానీ, దాని రెండో కాలు సబ్‌సెంటర్లని మార్చడం. బీఎస్సీ నర్సింగ్ చేసినవాళ్లకి అదనపు శిక్షణ ఇచ్చి కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరుగా ఊళ్లో కూర్చోబెట్టారు. మన దగ్గర ఎంఎల్‌హెచ్‌పీ అంటే ఎక్కువ మందికి తెలుస్తుంది. ఆంధ్రలో విలేజ్ క్లినిక్కులు పెట్టి 14 రకాల పరీక్షలు, 105 రకాల మందులు అన్నారు. 2023లో ఫ్యామిలీ డాక్టర్ పేరుతో పీహెచ్‌సీ డాక్టరు నెలకి రెండుసార్లు ఊరికొచ్చే ఏర్పాటూ చేశారు. బీపీ బిళ్ల కోసం రోజు కూలి పోగొట్టుకుని, ఆటో ఎక్కి మండలానికి వెళ్లాల్సిన ముసలామెకి ఇది ఎంత మేలో చెప్పక్కర్లేదు. ముఖ్యంగా ఆడవాళ్లకి, ఎందుకంటే మగాళ్లు సంతకి పోతూ పోతూ డాక్టర్ దగ్గర ఆగుతారు, ఆడవాళ్లని ఎవరో ఒకరు తీసుకెళ్లాలి.

కానీ అక్కడ కూర్చున్న అమ్మాయిని పలకరించండి. నా మేనకోడలు వరసయ్యే ఒకమ్మాయి ఆ ఉద్యోగంలోనే ఉంది, కాంట్రాక్టు. "అత్తా, పేషంట్ ముఖం చూసే తీరిక ఎక్కడిది, ఫోన్ ముఖం చూడాలి" అంటుంది. గర్భిణుల వివరాలకి ఒక యాప్, బీపీ షుగర్లకి ఒక యాప్, టీకాలకి ఇంకోటి, హాజరుకి మరోటి. సిగ్నల్ కోసం డాబా ఎక్కి అప్‌లోడ్ చేసిన రోజులు కూడా ఉన్నాయట. మొన్న బీపీ 150 ఉన్న ఏడో నెల గర్భిణిని చూసి, చేతిలో మాత్ర ఉండీ డాక్టరు ఫోన్ ఎత్తేదాకా ఆగాల్సి వచ్చిందని చెప్పింది. ఎత్తాడు, సరే. ఎత్తకపోతే?

ఇక్కడే డాక్టర్ల సంఘాలు అడ్డం పడతాయి. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టంలోని 32వ సెక్షన్, పరిమితంగా మందులు రాసే లైసెన్సు మరికొందరికి ఇవ్వొచ్చు అంది. దేశమంతా సమ్మెలు చేశారు, నాటువైద్యులకి తలుపులు తెరుస్తున్నారని. వాళ్ల భయాన్ని నేను తీసిపారేయను, అర్హత లేని చేతికి మందు ఇస్తే ఏమవుతుందో రోజూ చూస్తున్నాం. ఎక్కడ చూస్తున్నాం? ప్రతి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర. పదో తరగతి కూడా గట్టెక్కని మనిషి సెలైన్ ఎక్కిస్తాడు, స్టెరాయిడ్ పొడుస్తాడు, గర్భిణిని ఫలానా నర్సింగ్‌హోమ్‌కి పంపి కమిషన్ తీసుకుంటాడు. ఆ నర్సింగ్‌హోమ్ నడిపేది కూడా డాక్టరే, ఆ కవరు ఇచ్చేదీ ఆ డాక్టరే. వీళ్లకి శిక్షణ ఇచ్చి గుర్తింపు ఇస్తామని ప్రభుత్వాలు ఒకటికి పదిసార్లు మాటిచ్చాయి కూడా. నాలుగేళ్లు బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయి మాత్రం ఐరన్ మాత్ర దాటి ఏది రాసినా ప్రజల ప్రాణాలకి ముప్పు!

గర్భస్రావం చట్టంలోనూ అంతే. తొలి వారాల్లో మాత్రలతో చేసే అబార్షన్‌ని శిక్షణ పొందిన నర్సులు కూడా చేయొచ్చని 2014లో కేంద్రం ఒక ముసాయిదా తెచ్చింది. డాక్టర్లు వద్దన్నారు, అది అటకెక్కింది. 2021లో చట్టం సవరించినప్పుడు గడువు కొన్ని వర్గాలకి 24 వారాలు చేశారు, నర్సు మాట మళ్లీ ఎత్తలేదు. ఫలితం అందరికీ తెలిసిందే, మెడికల్ షాపులో కుర్రాడు చీటీ లేకుండా ఆ మాత్రలు ఇస్తాడు, రక్తం ఆగకపోతే ఆమె అర్ధరాత్రి మా దగ్గరికి వస్తుంది.

మా వాళ్లలోనూ వద్దనేవాళ్లున్నారని చెప్పకపోతే అబద్ధమవుతుంది. "అధికారం ఎందుకమ్మా, ఏదన్నా అయితే మెమో మనకే కదా" అంటారు సీనియర్లు. నిజమే, రక్షణ లేకుండా బాధ్యత మోపితే ఎవరు మాత్రం ఒప్పుకుంటారు? 2023లో నర్సింగ్ కౌన్సిల్ పాత చట్టం స్థానంలో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తెచ్చారు. చదువు, రిజిస్టరు, ప్రమాణాలు అన్నీ అందులో ఉన్నాయి. నర్సు తానుగా ఏం చేయొచ్చు, చేసినందుకు ఎవరు ఆమె వెనక నిలబడతారు అన్నది తేల్చకపోతే పేరులో మిడ్‌వైఫరీ చేర్చినా బోర్డు మారడం వరకే. ఈలోపు బాగా చదివిన పిల్లలు భాష నేర్చుకుని జర్మనీకో, బ్రిటన్‌కో వెళ్లిపోతున్నారు. బ్రిటన్‌లో మామూలు కాన్పుల్ని నడిపేది మిడ్‌వైఫులే.

నన్నడిగితే ముందు చేయాల్సింది మిడ్‌వైఫ్‌కి విడి పోస్టు, విడి జీతం స్కేలు, లేబర్ రూమ్ నుంచి కదిలించకూడదన్న నిబంధన. ఆ వెంటనే, నెలకి ఇన్ని కాన్పులు దాటిన ప్రతి ప్రైవేటు ఆసుపత్రిలో రిజిస్టరైన మిడ్‌వైఫ్ ఉండాలన్న షరతు లైసెన్సులోనే పెట్టాలి. సిజేరియన్ శాతాన్ని ఆసుపత్రి గుమ్మంలో ఫీజుల బోర్డు పక్కన రాయించాలి. ఊళ్లో ఎంఎల్‌హెచ్‌పీ తానుగా మొదలుపెట్టగల మందుల జాబితా ఒకటి తేల్చి, ఆ జాబితా ప్రకారం నడిచినంతవరకు ఆమె మీద చర్య ఉండదని రాతపూర్వకంగా చెప్పాలి. వీటిలో కొత్త భవనం కావాల్సింది ఒక్కటీ లేదు.

అదంతా అయ్యేలోపు మీ ఇంట్లో ఎవరికన్నా నెలలు నిండుతుంటే, ఏసీ గది ఉందా, లిఫ్ట్ ఉందా అని చూసొచ్చాక ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగండి. నొప్పులు మొదలయ్యాక మా అమ్మాయి పక్కన ఎవరుంటారు, వాళ్లకి రిజిస్ట్రేషన్ ఉందా అని ఒకటి. వాళ్లమ్మని లోపల ఉండనిస్తారా అని ఇంకోటి. మొదటి ప్రశ్నకి చాలా చోట్ల రిసెప్షన్ అమ్మాయి తడబడుతుంది, "మా మేడమ్ ఉంటారండీ" అంటుంది. రాత్రి రెండింటికి ఎవరుంటారని మళ్లీ అడగండి.